ఉత్తరుడి చేతిలో పగ్గాలు

మెహదీపట్నం దగ్గర ఫ్లైఓవర్ ఎక్కితే ఆరాంఘర్ దగ్గర దిగుతాం. మధ్యలో 11 కిలోమీటర్ల పైచిలుకు. శంషాబాద్ విమానాశ్రయానికి తొందరగా చేరాలనుకునేవాళ్ళ కోసం 2009లో తెరిచి, పి.వి. నరసింహారావు పేరు పెట్టారు. దాని మీద నేను కొన్ని పదులసార్లు వెళ్ళి ఉంటాను. దారిలో ఏం చూశావని ఎవరైనా అడిగితే ఒక్కటీ చెప్పలేను. ఒకే ఒక్క రాత్రి ప్రయాణం మాత్రం దీపస్తంభాలతో సహా గుర్తుంది.

ఆ రాత్రి బెంగుళూరు నుంచి వస్తున్న అమ్మాయిని తీసుకురావడానికి క్యాబ్‌లో బయల్దేరాను. కడుపునిండా భోంచేశాను. ఎవరితోనూ గొడవ పడలేదు. ఆఫీసులో కొత్తగా కొంపలేమీ మునగలేదు. ఫ్లైఓవర్ ఎక్కిన రెండు నిమిషాలకి గుండె ఒకసారి తడబడ్డట్టు అనిపించింది. ‘ఏమిటిది?’ అనుకున్నాను. ఆ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నట్టు గుండె దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది. అరచేతుల్లో చెమట. పెదాల చుట్టూ తిమ్మిరి. గొంతుకేదో అడ్డం పడ్డట్టు. ఎంత గాలి పీల్చినా చాలడం లేదు. ఎదురుగా ఉన్న రోడ్డు, దీపాలు, డ్రైవరు వీపు, అన్నీ మసక అద్దం అవతలికి జరిగిపోయాయి. బుర్రలో మిగిలింది ఒక్కటే మాట: పోతున్నాను.

“బాబూ, కాస్త పక్కకి ఆపు,” అన్నాను.

“ఈడ ఆపనియ్యరు సార్. ఏమైంది, పానం మంచిగ లేదా?”

“కిందకి దిగడానికి ఎంతసేపు?”

“పది నిమిషాలు సార్. జర ఓపిక పట్టుండ్రి.”

పది నిమిషాలు! ప్రాణం పోయేవాడికి పది నిమిషాలంటే మాటలా? మనవాళ్ళు చావుని ‘పైకి పోవడం’ అంటారు. నేను అప్పటికే సగం పైన ఉన్నాను, మిగతా సగం కూడా ఇక్కణ్ణుంచే కానిచ్చేస్తానేమో అనుకున్నాను. ఆ కుర్రాడు తనకి తెలియకుండానే సరైన వైద్యం చెప్పాడని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

విమానాశ్రయంలో దిగాల్సినవాణ్ణి ఓ ఆస్పత్రి ఎమర్జెన్సీలో దిగాను. ఈసీజీ తీగలు అంటించేసరికే దడ సగం తగ్గింది. రక్తం తీశారు, ట్రోపోనిన్ చూశారు, మర్నాడు టూడీ ఎకో కూడా చేశారు. అమ్మాయి సూట్‌కేసుతో సహా ఆస్పత్రికే వచ్చింది. డ్యూటీ డాక్టరు కాగితాలు తిరగేసి, “ఏమీ లేదండీ, అన్నీ నార్మల్. టెన్షన్ తగ్గించుకోండి,” అన్నాడు.

‘ఏమీ లేదు’ అన్న మాట ఎంత ఊరటో అంత అవమానం. ఏమీ లేకపోతే నిన్న రాత్రి నేను చావు అంచుదాకా వెళ్ళొచ్చిందేమిటి? ఏదో ఒకటి ఉందని చెప్పి, దానికో పేరు పెట్టి, మూడు పూటలా మాత్రలు రాసిస్తే పరువుగా ఉండేది. అమ్మాయి ముఖంలోకి చూడలేకపోయాను. పేరు లేని జబ్బు చేసినవాడు, దొంగ సెలవు పెట్టిన ఉద్యోగిలా ఉంటాడు.

చుట్టాలు మాత్రం పేర్లు పెట్టడానికి వెనకాడలేదు. మా బావమరిది ఫోన్‌లోనే తేల్చేశాడు: “గ్యాస్ బావా. వాము నమలండి.” తెలుగువాడి ఛాతీలో ఏం జరిగినా మొదటి ముద్దాయి గ్యాసే. మా వదిన ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిదేనంది. ఆఫీసులో ఓ స్నేహితుడు భుజం తట్టి, “ధైర్యంగా ఉండాలి గురూ,” అన్నాడు. అప్పుల్లో ఉన్నవాడికి ‘డబ్బుగా ఉండు’ అని సలహా ఇచ్చినట్టుంది. ఎవరినీ తప్పు పట్టను. అందరూ ప్రేమతోనే చెప్పారు. నేను అందరి మందులూ వాడాను, వాముతో సహా.

తమాషా ఏమిటంటే, భయానికి మన భాషలో పేర్లకి కరువు లేదు. దడ, గుబులు, గాభరా, కంగారు, అదురు, బెదురు, జడుపు, హడలు, బెంబేలు. వీటిలో దేని ఛాయ దానిదే. పైగా తెలుగువాడి భయం ఎప్పుడూ ఒంట్లోనే జరుగుతుంది. గుండె గుభేలుమంటుంది, కాళ్ళూ చేతులూ ఆడవు, నోట తడారిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, పై ప్రాణాలు పైనే పోతాయి. పానిక్ అటాక్ లక్షణాలు రాయమంటే ఏ వైద్యగ్రంథమైనా ఈ జాబితాకి కలిపేది తక్కువ. అయితే ఈ నుడికారాలన్నిటికీ ఓ షరతుంది. ముందు పులో, పామో, అప్పులవాడో రావాలి, ఆ తర్వాత గుండె గుభేలుమనాలి. ఎవరూ రాకుండానే గుభేలుమంటే దాన్నేమనాలో మన పెద్దలు చెప్పిపోలేదు.

ఆ రాత్రి నుంచి నాకు ఫ్లైఓవర్ అంటే భయం పట్టుకుంది. నిజానికి భయపడింది ఫ్లైఓవర్‌కి కాదు. దాని మీద మళ్ళీ ఆ భయం వస్తుందేమోనని భయం. ఇది వడ్డీకి వడ్డీ లాంటిది. అసలు ఎప్పుడో ఒకసారి పది నిమిషాలు వచ్చి పోయింది, వడ్డీ మాత్రం రోజూ కట్టాను. విమానాశ్రయానికి వెళ్ళాలంటే గంట ముందు బయల్దేరి కింద రోడ్డులో పోయేవాణ్ణి. అత్తాపూర్ వైపు అడ్రసులన్నీ పిల్లర్ నంబర్లతోనే చెబుతారు. ఆ పిల్లర్లన్నీ నాకు పాఠమైపోయాయి. సినిమా హాల్లో చివరి సీటు, ఫంక్షన్ హాల్లో గుమ్మం పక్క కుర్చీ. జేబులో సార్బిట్రేట్, సంచిలో బీపీ మిషను, చేతిలో నీళ్ళసీసా. లిఫ్టు మానేశాను. తర్వాత మెట్లు కూడా మానేశాను, ఎక్కితే గుండె కొట్టుకుంటుందని. అమ్మాయితో, “రైల్లో రామ్మా, హాయిగా పడుకుని రావచ్చు,” అనడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి నా ప్రపంచం మా వీధి చివరి కిరాణా కొట్టు దాకా కుంచించుకుపోయింది.

చివరికి మా ఆవిడే మానసిక వైద్యురాలి దగ్గరికి లాక్కెళ్ళింది. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నది ఆ డాక్టరమ్మ. థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నారా, కాఫీ ఎన్నిసార్లు తాగుతారు, నిద్ర ఎలా ఉంది అని అడిగింది. అంతా విన్నాక, “సార్, తాడుని చూసి పామనుకున్న కథ మీకు తెలుసుగా?” అంది.

“తెలుసమ్మా. తాడే పామని భ్రమ.”

“పాము అబద్ధమే. కానీ మీరు వేసిన గెంతు అబద్ధమా?”

ఏడాదిగా నాలో సలుపుతున్న ‘ఏమీ లేదు’ అన్న ముల్లు ఆ ఒక్క ప్రశ్నతో ఊడొచ్చింది. గెంతు నిజమే. అడ్రినలిన్ నిజంగానే రక్తంలోకి దూకింది. పరిగెత్తడానికి కాళ్ళకి రక్తం కావాలి కాబట్టి గుండె నిజంగానే వేగం పెంచింది. ఒళ్ళు వేడెక్కకుండా చెమట పట్టింది. ఎక్కువ గాలి కావాలని ఊపిరి జోరందుకుంది. పులి ముందు ఇవన్నీ ప్రాణం కాపాడే ఏర్పాట్లే. క్యాబ్ వెనక సీట్లో కూర్చున్నవాడు పరిగెత్తేదెక్కడికి? ఆ ఇంధనమంతా ఉన్నచోటే మండింది. అంతకంటే చిత్రం, నాకు పాములా కనబడిన తాడు నా గుండె చప్పుడే. ఒంట్లో ఏదో చిన్న అలజడి, దాన్ని చూసి ‘చచ్చిపోతున్నాను’ అన్న ఊహ, ఊహకి మరింత దడ, ఆ దడే ఊహకి సాక్ష్యం. ఈ గానుగ తిరిగే తీరుని డేవిడ్ క్లార్క్ అనే ఇంగ్లండ్ మనస్తత్వవేత్త 1986లో వివరించాడు. ఇప్పుడు పానిక్‌కి మాటలతో చేసే చికిత్సకి ఆ వివరణ ఓ పునాది. అంతకు నూరేళ్ళకి పైగా ముందు, 1871లో, జాకబ్ డకోస్టా అనే అమెరికన్ డాక్టరు అక్కడి అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికుల గురించి రాశాడు. గుండె దడ, ఛాతీలో నొప్పి, ఆయాసం. పరీక్షిస్తే గుండెలో లోపమేమీ కనబడదు. తుపాకీ గుండ్ల మధ్య నిలబడ్డవాళ్ళకే తప్పనిది నాకొచ్చిందంటే, ఎందుకో కాస్త గర్వంగా కూడా అనిపించింది.

“ఈ దడ పెరిగి పెరిగి ఎంతదాకా పోతుందమ్మా?” అడిగాను.

“మామూలుగా పది నిమిషాల్లోపే కొసకి చేరుతుంది సార్. ఆ తర్వాత దిగడమే. అరగంటలో చాలావరకు సర్దుకుంటుంది. మీరేం చేసినా, ఏం చేయకపోయినా.”

పది నిమిషాలు సార్, జర ఓపిక పట్టుండ్రి!

ఆవిడ మొదట దిద్దింది నా ఊపిరిని. దడ రాగానే చుట్టూ ఉన్నవాళ్ళు “గట్టిగా గాలి పీల్చుకో” అంటారు. మనం కొలిమితిత్తిలా పీలుస్తాం. గాలి చాలక కాదు, ఎక్కువై వచ్చే బాధ అది. అవసరానికి మించి ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది, మెదడు రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. అందుకే తల తిరగడం, వేళ్ళలో పెదాల్లో తిమ్మిరి, ఇంకా గాలి చాలడం లేదన్న భ్రాంతి. కాబట్టి పీల్చడం మీద కాదు, వదలడం మీద ధ్యాస పెట్టాలి. ముక్కుతో మెల్లగా నాలుగంకెలు లెక్కపెడుతూ తీసుకుని, ఆరంకెలు లెక్కపెడుతూ వదలాలి. వేడి కాఫీ సాసర్లో పోసుకుని చిమ్మకుండా ఊదుతామే, అలాగ. భుజాలు ఎగరకూడదు, పొట్ట కదలాలి. ఓ అయిదు నిమిషాలు చేస్తే గుండె తనంతట తాను నెమ్మదిస్తుంది. కాగితం సంచిలోకి ఊపిరి వదిలే పాత చిట్కా మాత్రం వద్దంది. వచ్చింది పానిక్ కాకుండా ఉబ్బసమో గుండెజబ్బో అయితే అది ప్రమాదం. రోజూ పొద్దున్నా సాయంత్రం, ఏ దడా లేనప్పుడే ఇది సాధన చేయమంది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వితే నీళ్ళు పడవు కదా.

రెండోది చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. దడ మొదలవగానే చుట్టూ కనబడే అయిదు వస్తువుల పేర్లు చెప్పుకోవాలట. తర్వాత ముట్టుకోగలిగేవి నాలుగు, వినబడేవి మూడు, వాసన తెలిసేవి రెండు, రుచి ఒకటి. “ఎందుకు నవ్వుతున్నారు సార్?” అంది డాక్టరమ్మ. “ఇది మా మామ్మ కనిపెట్టిందమ్మా,” అన్నాను.

మాది కోనసీమ. తొలకరికి ముందు సాయంత్రాలు ఆకాశం కొబ్బరిచెట్ల మీదికి వంగొచ్చేది. మెరుపు మెరవగానే నేను మామ్మ ఒళ్ళో దూరేవాణ్ణి. చిన్నవాణ్ణి కదా అని ‘ఏం లేదురా’ అనేది కాదు మామ్మ. పిడుగు లేదని అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు. “పేర్లు చెప్పు,” అనేది. అర్జునుడు, ఫల్గుణుడు, పార్థుడు, కిరీటి, శ్వేతవాహనుడు... నా నోరు తిరిగేది కాదు. బీభత్సుడి దగ్గర తడబడితే మళ్ళీ మొదటి నుంచి. విజయుడు, కృష్ణుడు, సవ్యసాచి, ధనంజయుడు. పదో పేరుకి వచ్చేసరికి ఉరుము దొర్లుకుంటూ గోదావరి అవతలికి వెళ్ళిపోయేది. అర్జునుడే తరిమేశాడనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలుస్తోంది, బీభత్సుడి దగ్గర నోరు తిప్పుకోవడానికి తంటాలు పడుతున్నవాడికి భయపడే తీరికెక్కడిది? ధ్యాస ఇరుకు సందు లాంటిది. ఒకసారి ఒక బండే పడుతుంది. మామ్మ ఆ సందులో పది పేర్ల బండి అడ్డం పెట్టేది.

ఇంటికొచ్చాక తిక్కన విరాటపర్వం దించి చూశాను. వానలు పడాలని ఊళ్ళలో ఆ పర్వం చదివించడం తెలుసు గానీ, ఆ పది పేర్ల సంగతి అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. భారతకథలో అర్జునుడు తన పేర్లు పదీ చెప్పింది పిడుగులకి కాదు, ఉత్తరుడికి. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కౌరవుల్ని చీల్చి చెండాడతానని బయల్దేరిన కుర్రవాడు, ఎదురుగా ఆ సేనని చూడగానే ఒళ్ళు వణికి, రథం దూకి పరిగెత్తాడు. మనకి ‘ఉత్తరకుమారుడు’ అంటే తిట్టు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో రేలంగి ఆ వేషం కట్టాడు. చూసి పడీ పడీ నవ్వాను. క్యాబ్‌లో ఒక రాత్రి గడిపాక ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతోంది. అతని గొప్పలు నవ్వదగినవే. అతని వణుకు మాత్రం నాకు తెలిసిన వణుకు. ఆ మాటకొస్తే కురుక్షేత్రంలో ఆ అర్జునుడికే ఒళ్ళు వణికింది, నోరెండింది, గాండీవం చేతిలోంచి జారింది. ఒంటికి బిరుదులతో పనిలేదు.

బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు ఆ కుర్రవాడితో ఎలా నడుచుకున్నాడో చూడండి. వెనకాలే పరిగెత్తి పట్టుకున్నాడు. ఇంటికి పంపించెయ్యలేదు, నువ్వు కూడా యుద్ధం చెయ్యాల్సిందేనని కత్తీ చేతికివ్వలేదు. “పోరు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు రథం తోలు,” అన్నాడు. జమ్మిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఆయుధాలు దింపమన్నాడు. తనెవరో పేరు పేరునా చెప్పాడు. ఆ తర్వాత పగ్గాలు చేతికిచ్చాడు. అంతటితో ఉత్తరుడి భయం పోయిందా? పోలేదు. అర్జునుడు దేవదత్త శంఖం పూరించేసరికి బెదిరి రథంలోనే చతికిలబడ్డాడు. “గట్టిగా పట్టుకో, మళ్ళీ ఊదుతున్నాను,” అన్నాడు అర్జునుడు. చెవులు మూసుకోమనలేదు. మళ్ళీ ఊదుతున్నాను అన్నాడు.

డాక్టరమ్మ నాకు చేసిన వైద్యమంతా ఈ ‘మళ్ళీ ఊదుతున్నాను’లో ఉంది. భయం వచ్చిన చోటి నుంచి పారిపోతే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది. ఆ హాయే లంచం. ‘పారిపోయాను కాబట్టి బతికాను’ అని మెదడు రాసుకుంటుంది, మరుసటిసారి ఇంకాస్త దూరంలోనే గంట కొడుతుంది. ఉన్నచోటే ఉండి, దడ కొసకెక్కి దిగేదాకా చూస్తే వేరే పాఠం రాసుకుంటుంది. నా సంచిలోని బీపీ మిషను, నీళ్ళసీసా కూడా పారిపోవడం కిందకే వస్తాయని ఆవిడ అన్నప్పుడు మనసు కష్టపడింది. అవి కూడా తాయెత్తులే. వాటివల్లే బతికాననుకుంటాను తప్ప, ప్రమాదమే లేదని ఎప్పటికీ తెలుసుకోను. ఊపిరి లెక్కనీ, పేర్ల లెక్కనీ తాయెత్తు చేసుకోవద్దని కూడా హెచ్చరించింది. భయాన్ని తరిమెయ్యడానికి కాదు అవి. అది ఉన్నంతసేపూ పక్కనే నిలబడడానికి.

మొదట ఒంటి చప్పుళ్ళతో స్నేహం చేయించింది. ఓ నిమిషం ఉన్నచోటే పరిగెత్తమంది. గుండె కొట్టుకుంది, నేను పోలేదు. కుర్చీలో గిరగిరా తిరగమంది. కళ్ళు తిరిగాయి, వాటంతటవే ఆగాయి. అప్పుడు గుర్తొచ్చింది, మా అక్కయ్యలు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగేవాళ్ళు. కళ్ళు తిరగాలనే తిరిగేవాళ్ళు. నేల ఊగుతుంటే కింద కూలబడి కిలకిలా నవ్వేవాళ్ళు. అదే నేల, అదే ఊగడం. అప్పుడది ఆట, ఇప్పుడు చావు కబురు. (గుండె జబ్బు, మూర్ఛ, నిండు గర్భం ఉన్నవాళ్ళు డాక్టరునడక్కుండా ఈ ఆట ఆడకూడదు.) తర్వాత మెట్లు. ఆ తర్వాత మాసాబ్ ట్యాంక్ దగ్గరున్న పొట్టి ఫ్లైఓవర్, మా ఆవిడ పక్కనుండగా. ఆపైన షేక్‌పేట ఫ్లైఓవర్, మూడు కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఒక్కోదాన్ని విసుగు పుట్టేదాకా ఎక్కాను. భయానికి అసలైన విరుగుడు ధైర్యం కాదు, విసుగు. ఆరోసారి షేక్‌పేట ఫ్లైఓవర్ మీద నాకు ఆవులింత వచ్చింది. మా ఆవిడ ఆ ఆవులింత చూసి, పరీక్ష పాసైన కొడుకుని చూసినట్టు చూసింది.

ఈ దారిలో నాకు బాగా నచ్చిన మనిషి క్లెయిర్ వీక్స్. ఆస్ట్రేలియా డాక్టరు. వయసులో ఉన్నప్పుడు క్షయ అని తప్పుగా చెబితే, ఆ దిగులుతో ఆవిడకి గుండెదడ పట్టుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన స్నేహితుడొకాయన, కందకాల్లో మాకూ అలాగే కొట్టుకునేది, అది వట్టి భయం అని చెప్పాడు. దానికి నువ్వు భయపడుతున్నావు కాబట్టే అది ఆగడం లేదన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ తేరుకుంది. 1962లో పుస్తకం రాసి లోకానికి పంచింది. ఆవిడ చెప్పినవి నాలుగే మెట్లు: ఎదురుపడు, ఒప్పుకో, తేలు, కాలాన్ని గడవనీ. ‘తేలు’ అన్నది కాలవగట్టు మీద పెరిగిన నాకు వెంటనే అర్థమైంది. నా వీపుకి బెండు కట్టి కాలవలోకి దింపి మా నాన్న అరిచేవాడు, “నీళ్ళతో కొట్లాడకురా, ఒళ్ళు వదిలెయ్యి!” కొట్లాడినన్నాళ్ళూ మునిగాను, నీళ్ళు తాగాను. ఒళ్ళు వదిలేసిన రోజున నీళ్ళే ఎత్తిపట్టుకున్నాయి. దడ వచ్చినప్పుడు పిడికిళ్ళు బిగించి, పళ్ళు కొరికి, ‘తగ్గు, తగ్గు’ అని అరిచేవాణ్ణి. ఇప్పుడు భుజాలు జారవిడిచి, ‘వచ్చావా, కూర్చో. నీ పది నిమిషాలు నువ్వుండు, నా పని నేను చూసుకుంటాను’ అంటాను. పిలవని చుట్టం మర్యాద చేస్తేనే తొందరగా లేస్తాడు.

ఇదంతా చదివి ప్రతి గుండెనొప్పినీ ఉత్తరుడి ఖాతాలో వేయకండి. మొదటిసారి వచ్చినప్పుడు గుండె పరీక్ష చేయించుకుని తీరాలి. నేను ఆ రాత్రి ఆస్పత్రికి వెళ్ళడం తప్పు కాదు, ఆ తర్వాత ఏడాది ఊరుకోవడం తప్పు. ఛాతీ బరువెక్కి, నొప్పి ఎడమచేతికో దవడకో పాకుతుంటే, శ్రమపడ్డప్పుడు నొప్పి వస్తుంటే, స్పృహ తప్పితే పేర్లు లెక్కపెడుతూ కూర్చోకూడదు, 108కి ఫోన్ చేయాలి. పదే పదే వచ్చి బతుకుని కిరాణా కొట్టు దాకా కుదించేస్తుంటే సొంత వైద్యం చాలదు. నేను కూడా కొన్ని నెలలు రోజుకో చిన్న మాత్ర వేసుకున్నాను. డాక్టరు చెప్పినట్టే మెల్లగా మానేశాను. బెండు కట్టుకుని ఈత నేర్చుకోవడంలో సిగ్గేముంది? డాక్టరు దాకా వెళ్ళడానికి మొహమాటపడేవాళ్ళకి కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ మొదలుపెట్టింది. 14416కి ఫోన్ చేస్తే రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కాఫీ ఆరు కప్పుల నుంచి రెండుకి దించాను. అన్నిటికంటే కష్టమైన వైద్యం అదే.

పూర్తిగా నయమైందా అని అడుగుతారు. పోయిన నెల రాత్రి ఎనిమిదింటికి మెహదీపట్నం దగ్గర క్యాబ్ ఎక్కాను, ఒక్కణ్ణే. సంచీ లేదు, సీసా లేదు. ఫ్లైఓవర్ మీదికెక్కగానే వాన మొదలైంది. రాజేంద్రనగర్ వైపు ఆకాశం ఒక్కసారి తెల్లబడింది. ఆ మెరుపు వెనకాలే ఉరుము, ఉరుము వెనకాలే నా గుండె. అరచేతుల్లో పాత చెమట. గడియారం చూశాను, ఎనిమిదీ పన్నెండు. పేర్లు మొదలెట్టాను. నోరు ఇప్పటికీ బీభత్సుడి దగ్గరే తడబడింది. వైపర్ల చప్పుడు విన్నాను, సీటు గరుకు వేలితో చూశాను, డ్రైవరు పెట్టుకున్న మల్లెదండ వాసన. కాఫీ ఊదినట్టు ఊపిరి వదిలాను. దడ తగ్గలేదు. తగ్గమని అడగలేదు కూడా. రథం వెనక సీట్లో ఉత్తరుడు వణుకుతూ కూర్చున్నాడు, రథం వెళుతూనే ఉంది.

ఫోన్ మోగింది. అమ్మాయి.

“నాన్నా, దిగేశాను. ఎక్కడున్నావ్? కింద రోడ్డేనా, లేటవుతుందా?”

ఎనిమిదీ పంతొమ్మిది. ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

“పైనున్నానమ్మా,” అన్నాను. “ఇంకో అయిదు నిమిషాల్లో దిగుతున్నాను.”